భుజాల దాకా ఫ్రేము

లైవ్ షోలో మాట్లాడని వాళ్ళ మైకు తగ్గించి ఉంచాలి. లేకపోతే ఏసీ హోరూ గాజుల చప్పుడూ అన్నీ కలిసిపోతాయి. మనిషి నోరు తెరిచే ముందు తీసుకునే ఊపిరి హెడ్‌ఫోన్లో సన్నగా వినిపిస్తుంది. మైకు అప్పుడే పెంచాలి. మాట మొదలయ్యాక పెంచితే మొదటి ముక్క పోతుంది.

ఏడాదిగా నాకు ఆ ఊపిరి వినిపించడం లేదు.

ఎవరికీ చెప్పలేదు. సీతమ్మధారలోని మా చిన్న స్టూడియోలో సౌండ్ చూసేది నేనొక్కణ్ణే. చెవి మందగించిన సౌండ్ మనిషిని ఎవరు ఉంచుకుంటారు? మాట్లాడబోయే మనిషి భుజాలు మానిటర్‌లో కొద్దిగా పైకి లేస్తాయి. అది చూసి మైకు పెంచేవాణ్ణి. ఇదంతా నా తెలివేననుకున్నాను. దాచుకునే పనిలో పడి, నన్నెవరైనా గమనిస్తున్నారేమో గమనించలేదు.

ఆ రోజు అతిథుల్లో జాలరిపేట నూకాలు ఉంది. ముప్పై ఏళ్ళుగా చేపలమ్ముతోంది. యాంకర్ సత్యశ్రీ నవ్వుతూ అడిగింది.

"మీ ఆయన పేరేంటమ్మా?"

నూకాలు కొంగుతో నోరు మూసుకుంది.

మానిటర్‌కి దగ్గరగా వంగాను. మొగుడి పేరు పలకని మనిషి. ఇక గొణుగుతుంది, పెదాలు కూడా కనబడవు.

"అప్పలరాజూ, టైట్! కళ్ళు చాలు!" ఇంటర్‌కమ్‌లో డైరెక్టర్ దేవీప్రసాద్ అరిచాడు. ఆమె మీదున్న కెమెరా అప్పలరాజుది. ఫ్రేము కళ్ళకి బిగిస్తే భుజాలు పోతాయి. వాటితో నేనూ పోతాను.

ఫ్రేము కదల్లేదు.

"టైట్ అంటుంటే!"

"జూమ్ పట్టేసింది సార్."

భుజాలు లేచాయి. మైకు పెంచాను.

"కొండెక్కితే కనిపిత్తాడు గదా సామి, ఆ పేరే."

"అప్పన్నా?" అంది సత్యశ్రీ. నూకాలు మొహమంతా కప్పేసుకుంది. అందరూ నవ్వారు. ఒక్క ముక్కా తెగలేదు.

షో అయ్యాక మెట్ల దగ్గర అప్పలరాజును పట్టుకున్నాను.

"జూమ్‌కేటయింది బావా?"

"దానికేటవుద్ది? బేషుగ్గా ఉంది."

"మరి?"

"టీ తాగుతావా బావా అని ఎనకనించి నాలుగుసార్లడిగితే ఒకసారి పలుకుతావు. ముందు పొగరనుకున్నాను." నవ్వాడు. "తర్వాత సూసాను, నా ఫ్రేములో భుజాలు లేపోతే నీ మైకు లేటవుతంది. అప్పట్నించీ వదల్లేదు."

"నాతో సెప్పలేదేటి?"

"నువ్వు సెప్పావేటి నాకు?"

ఏడాదిపాటు ఒంటరిగా నెట్టుకొచ్చాననుకున్న ప్రతి మాటకూ ముందు ఇతను నిలబడి ఉన్నాడు. సిగ్గేస్తుందనుకున్నాను, వేయలేదు. ఎన్నాళ్ళుగానో బిగబట్టుకున్న ఒళ్ళు వదులైంది. ఇన్నాళ్ళూ నా కోసం తిట్లు తిన్నాడు. ఇక తిననివ్వకూడదనిపించింది.

లోపలికి వెళ్ళి దేవీప్రసాద్‌కి అంతా చెప్పేశాను. చెవి డాక్టరుకి చూపించుకుని రిపోర్టు తెమ్మని మాత్రం అన్నాడాయన.

మరుసటి షోకి పిలుస్తాడో లేదో తెలియలేదు. పిలిచాడు. హెడ్‌ఫోన్ పెట్టుకుంటుంటే ఇంటర్‌కమ్‌లో ఆయన గొంతు, కావాలనే కాస్త గట్టిగా:

"కెమెరావాళ్ళందరికీ చెబుతున్నాను. అతిథి నోరు తెరిచేదాకా భుజాలు వదలకండి."