టీకి రాని లాక్లాన్

మెల్బోర్న్‌లో మా ప్రయోగశాలలో ఉదయం టీ వేళయిందంటే ఎంత పనున్నా చేతి తొడుగులు విప్పి వెళ్లాల్సిందే. రాకపోతే పొగరనుకుంటారు. అలాంటిది ఆ మంగళవారం మా ప్రయోగశాల పెద్ద లాక్లాన్ పెన్‌హాలే రాలేదు. నేను కేకు సగంలోనే వదిలేశాను. ప్రయోగం గొట్టాలున్న నా ఐస్ డబ్బా ఆయన గదికి ఎదురుగానే ఉంది మరి.

రక్తకణాలను పెంచే కారకాల్లో జీఎం ఒకటి, ఐఎల్-త్రీ ఇంకొకటి. మనిషి కణం మీద అవి అంటుకునే రిసెప్టర్ కోసం ఈ రెండూ పోట్లాడుకుంటాయని నా వాదన. జీఎంకి రేడియోధార్మిక అయోడిన్ తగిలించి కణాలకు పట్టిస్తాను. దాంతోపాటు ఐఎల్-త్రీ కూడా పోస్తే అది జీఎంని తోసేస్తుంది, కణాల మీద మిగిలిన రేడియోధార్మికతను కొలిచే యంత్రంలో అంకె పడిపోతుంది. చేసిన ప్రతిసారీ పడిపోయింది. ఇది నిలబడితే నా ఉద్యోగం పొడిగిస్తారు, లేకపోతే క్రిస్మస్‌కి ఇంటికే.

లాక్లాన్ నమ్మలేదు.

"ఎలుక కణాల్లో ఇలా జరగదమ్మాయ్. ఐఎల్-త్రీలో మామూలు జీఎం కలిసుంటేనే అంకె అలా పడుతుంది."

"సీసా మీరే పరీక్ష చేయించారుగా?"

"చేయించాను. శుద్ధంగానే ఉంది. అందుకే నా అనుమానం సీసా మీద కాదు, బ్రాన్విన్."

ఒళ్లు మండింది. నేను దొంగచాటుగా జీఎం కలుపుతున్నానని ముఖం మీదే అన్నట్టు కదా!

అందుకే ఆ మంగళవారం టీ నుంచి పరుగున వచ్చాను. ఐస్ డబ్బాలో అన్నీ పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి. ఐఎల్-త్రీ గొట్టం తీసి కణాల్లో పోశాను. మధ్యాహ్నం యంత్రం ముందు కూర్చుంటే లాక్లాన్ వచ్చి నా వెనకే నిలబడ్డాడు.

అంకె పడలేదు.

ఎక్కడో పొరపాటు జరిగింది, మళ్లీ చేస్తానని బుకాయించొచ్చు. మనసొప్పలేదు.

"పడలేదు," అన్నాను. "నేను చెప్పింది తప్పేమో."

ఆయన ఒక్కసారిగా నవ్వి, తన గదిలోని ఫ్రిజ్ నుంచి చిన్న గొట్టం తెచ్చి చూపించాడు.

"నీ ఐఎల్-త్రీ ఇదిగో. నువ్వు పోసింది ఉప్పునీళ్లు, టీ టైములో నేనే మార్చాను. పోసేటప్పుడు నువ్వు జీఎం కలిపే దానివైతే ఇవాళ కూడా పడాలి కదా? కడిగిన ముత్యానివమ్మాయ్!"

పరీక్ష చేయించిన సీసాలోంచి ఆయనే తీసిచ్చిన అసలుది పోసి మళ్లీ చేశాం. సాయంత్రానికి అంకె పడిపోయింది. ఉద్యోగం సంగతి తను చూసుకుంటానన్నాడు. సంతోషించాలి. నాకు మాత్రం ఏడుపొచ్చింది, ఆయన ముందు ఏడవలేదు.

మర్నాడు టీ వేళకి లాక్లానే తలుపు దగ్గరికొచ్చాడు.

"రా, లామింగ్టన్ కేకులు అయిపోతాయి."

"ఒక్క నిమిషం."

ఐస్ డబ్బా ఫ్రిజ్‌లో పెట్టాను. మా దగ్గర ఎవరూ ఫ్రిజ్‌కి తాళం వెయ్యరు. నేను వేశాను, ఆయన చూస్తుండగానే.

"నా మీద అనుమానమా?" అన్నాడు, నవ్వబోయి ఆగిపోతూ.

"పదండి, టీ చల్లారిపోతుంది," అని తాళంచెవి జేబులో వేసుకున్నాను.