నాన్న కూర్చోబెట్టిన స్లయిడ్

చెయ్యి అబద్ధం చెప్పదని కూడా అనలేను. నా చెయ్యే కదా, నాకేం కావాలో అదే చెప్పడం దానికీ అలవాటే. నాన్న పోయాక ఇంట్లో ప్రతిదీ తేడాగానే తగిలింది. కాఫీ కప్పు బరువు, తలుపు గడియ, నా పేరు పిలిచే గొంతులు. అలాంటప్పుడు పిస్టల్ స్లయిడ్ వెనక్కి లాగుతుంటే మధ్యలో ఇసుక రేణువంత తటపటాయింపు తగిలిందంటే, అది ఉక్కుదో నాదో ఎలా తేల్చుకోవడం?

మళ్ళీ లాగాను. మళ్ళీ అక్కడే.

బల్లకి అవతల మా అన్న రుస్టికో ఆకురాయి ఆడిస్తున్నాడు. సముద్రపొడ్డున మా ఊరు దానావ్‌లో పిస్టళ్ళు చేయడానికి లైసెన్సున్న ఈ వర్క్‌షాపులో మేమిద్దరం ఒకే బల్ల మీద పెరిగాం. ఎదురెదురు కుర్చీలు, మధ్యలో ఇనప ముక్కల్ని కదలకుండా పట్టి ఉంచే నాన్న బిగింపు. నా పిస్టల్ శుభ్రం చేసిపెడతానని వాడు తీసుకెళ్ళి, తిరిగిచ్చినప్పటి నుంచీ ఈ తటపటాయింపు. విప్పి చూస్తే ఒక్క నిమిషంలో తేలిపోయేది. రోజూ ఏదో పని అడ్డం తెచ్చుకుని చూడలేదు. చూడనంతకాలం నాకు అన్న ఉంటాడు.

మా పనిలో పసిపిల్లలకీ తెలిసిన నియమం ఒకటుంది. చేతికొచ్చిన పిస్టల్ ఎవరిచ్చినా సరే, స్లయిడ్ లాగి లోపల ఖాళీయో కాదో చూసుకోవాలి. కన్నతల్లి ఇచ్చినా చూడాల్సిందే, అందులో అవమానం లేదు అనేవాడు నాన్న. మేమిద్దరం మాత్రం ఒకరిచ్చింది ఒకరం చూసేవాళ్ళం కాదు. నాన్న కంటపడితే ఇద్దరికీ వీపు మోగేది. అయినా మానలేదు. మాకు అదొక గర్వం.

"ఏం తల్లీ, దాన్ని నమిలి మింగేలా చూస్తున్నావు?" అన్నాడు ప్రిమో తాత. నాన్న కాలం నుంచీ ఆ మూలన కూర్చుని తయారైన పిస్టళ్ళకి మెరుగు పెడతాడు.

"నీ పని చూసుకో తాతా."

"నా పని గరుకు తీయడమేగా. ఈ షాపులో ఇంకా గరుగ్గా మిగిలింది నీ మొహమొక్కటే." తనే నవ్వుకుని అన్న వైపు తిరిగాడు. "అది సరే గానీ, మొన్న పోటీలో వీడు కాల్చడం చూశావా? తూటాలన్నీ ఒకే చిల్లులోంచి దూరాయి. నీ చేతిపని కాదురా ఇది, మీ నాన్న పూనాడురా నీకు అన్నాను."

ఆకురాయి చప్పుడు ఆగింది. ఒక్క క్షణమే. మళ్ళీ మొదలైంది, కాని లయ తప్పింది.

అప్పుడు విప్పాను.

స్లయిడ్‌ని ఫ్రేమ్ మీద కూర్చోబెట్టడం నాన్న పని. కింద పిడి ఉండే భాగం ఫ్రేమ్, దాని గాడుల్లో జారే పైభాగం స్లయిడ్. ఒకే నమూనాలో చేసినవైతే ఏ స్లయిడైనా ఏ ఫ్రేమ్‌కైనా ఎక్కుతుంది. కొనడానికొచ్చిన వాళ్ళకి ఆ మాట నేనే చెబుతుంటాను. ఎక్కడం వేరు, కూర్చోవడం వేరు. నాన్న రెండింటినీ పెళ్ళికి కుదిర్చినట్టు కుదిర్చేవాడు. గాడుల్ని కొద్దికొద్దిగా అరగదీసి, చెవి దగ్గర పెట్టుకుని స్లయిడ్‌ని దాని బరువుకే జారనిచ్చి వినేవాడు. కుదిరాక లోపల, ఎవరికీ కనపడని చోట, రెండింటికీ ఒక్కో చుక్క కొట్టేవాడు. ఆయన చేతులు వణకడం మొదలయ్యాక కుదిర్చిన ఆఖరి జత నాది.

ఫ్రేమ్‌లో చుక్క ఉంది. స్లయిడ్‌లో లేదు.

కోపం వస్తుందనుకున్నాను. రాలేదు. మెట్లు దిగుతూ ఇంకో మెట్టుందనుకుని నేలని తన్నినప్పుడు ఒళ్ళంతా ఎలా అదిరిపడుతుందో, అలాంటిదేదో అయింది.

మధ్యాహ్నం ప్రిమో తాత ఆకుపొట్లాల అన్నం, ఎండుచేపలు తేవడానికి బయటికెళ్ళాడు.

"మనోంగ్," అన్నాను, అన్నని మా దగ్గర అలాగే పిలుస్తాం. "నీ స్లయిడ్ ఇలా ఇవ్వు."

ఏ స్లయిడని అడగలేదు. తన పిస్టల్ విప్పి పైభాగాన్ని బల్ల మీద నా వైపు తోశాడు. లోపల చుక్క.

నా ఫ్రేమ్ మీదకి ఎక్కించాను. ఎక్కింది. వేలితో అటూ ఇటూ కదిపితే లొడలొడమంది. నాన్న కూర్చోబెట్టినప్పుడు వెంట్రుక దూరే సందు లేదు.

"అరగదీశావా?"

"నా దానికి బిగుతుగా ఉండింది ఇందాయ్," అన్నాడు, చెల్లెల్ని పిలిచే మా పిలుపుతోనే. "కొంచెమే."

"కొంచెమే."

"నీ పిస్టల్ ఎక్కడికీ పోలేదుగా. నంబరు ఫ్రేమ్ మీద, లైసెన్సు నీ పేరు మీద. పైది ఏదైతేనేం? వచ్చినవాళ్ళందరికీ నువ్వు చెప్పేది ఇదేగా, ఏదైనా ఎక్కుతుందని."

"అడిగితే ఇచ్చేదాన్ని కదా."

"అదే వద్దు నాకు." మొదటిసారి తలెత్తాడు. "పెద్దకొడుకుని నేను. ఆఖరిది నీకు కుదిర్చాడు. నాకూ ఒకటి కుదర్చమంటే, నీది నువ్వే చేసుకోగలవురా పో అన్నాడు. ఇప్పుడు నువ్విస్తే తీసుకోవాలా, ముష్టిలాగా?"

ఆ రోజు నేనూ ఇక్కడే ఉన్నాను. 'నువ్వే చేసుకోగలవు' అనే మాట నాన్న ఎవరితోనూ అనేవాడు కాదు, నాతో ఒక్కసారీ అనలేదు. విని నేను అసూయతో చచ్చాను. ఇన్నాళ్ళూ వాడు దాన్ని గెంటివేతగా మోస్తున్నాడు. చెబుదామని నోరు తెరిచాను. చెబితే వాడికి ఊరట. నా దగ్గరున్నదాన్ని పాడుచేసి, నా చేతి నుంచే ఊరట కూడానా? నోరు మూసుకున్నాను. నా నోరు కూడా నా చెయ్యి లాంటిదే కాబోలు, నాకు కావలసిందే చేస్తుంది.

"వెనక్కి తీసేసుకో," అన్నాడు. "నాది నాకిచ్చెయ్."

తీసుకుని ఏం చేయను? ఆ స్లయిడ్ ఇప్పుడు నాన్న వినిపించుకున్న స్లయిడ్ కాదు. వాడి ఫ్రేమ్‌కి అలవాటు పడిపోయింది. అక్కడా చుక్కకి జోడు లేదు, ఇక్కడా బిగువు లేదు. ఉత్త దొంగతనమైనా బాగుండేది, దొంగసొత్తు దొరికితే దొరికినట్టే.

"ఉంచుకో," అన్నాను.

దాన్ని వాడి వైపు తోశాను. వాడు తీసుకోలేదు. బిగింపు పక్కన అలాగే పడి ఉంది. ప్రిమో తాత తిరిగొచ్చి పొట్లాలు పంచుతూ మా ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. "ఏం, చేపలకన్నా మీ మొహాలే ఎక్కువ ఎండిపోయాయే?" అన్నాడు. ఎవరమూ నవ్వకపోయేసరికి తలొంచుకుని తన పొట్లం విప్పుకున్నాడు.

ఎండ కిటికీ దాటి సముద్రం వైపు జరిగాక, ఊరి పొలిమేరల నుంచి వచ్చిన గిరాకీ పిస్టల్ ఒకటి వాడి చేతుల్లోంచి నా వంతుకొచ్చింది. గొట్టం కొసన గురి చూసుకోవడానికుండే ముందుగురి సరిచేయాలి. ఎప్పటిలాగే వాడు బల్ల మీదుగా, పిడి నా వైపుకి తిప్పి అందించాడు.

"ఖాళీదే ఇందాయ్."

తీసుకున్నాను. గొట్టాన్ని గోడ వైపుకి తిప్పి, వాడి ఎదురుగానే స్లయిడ్ వెనక్కి లాగి, లోపలికి చూశాను.