కాళ్ళు లేని దెబ్బలాట

శివరామకృష్ణ నా హీరోకి కాళ్ళు తీసేశాడు. ఈ మాట ఎవరితో అన్నా నవ్వుతున్నారు గనక మొదట్నుంచీ చెప్తాను.

నేను పడవల మీద బొమ్మలేస్తాను. ఆరో తరగతిలో బడి మానేసి హార్బర్లో రంగులేసేవాళ్ళ దగ్గర చేరాను. అప్పట్లో వన్ టౌన్లో ఒక పాత పేపర్ల కొట్టు ఉండేది. ఓడల్లోంచి దిగిన చిత్తుకాగితాల మూటల్లో ఇంగ్లీషు బొమ్మల పుస్తకాలు వచ్చేవి, గుండెల మీద గుర్తులేసుకుని ఎగిరే వీరులవి. నాకు ఇంగ్లీషు ముక్క రాదు. అందుకే దెబ్బలాటల పేజీలే చూసేవాణ్ణి. అక్కడ చదవాల్సింది తక్కువ.

చూడగా చూడగా ఒక సంగతి తెలిసింది. గుద్దుల మీద గుద్దులు పడ్డ పేజీ కొట్టు సందు దాటేలోపే మర్చిపోతాం. ఎక్కడో ఒక్క బొమ్మ ఇంటిదాకా వెంటొస్తుంది. కూలిపోతున్న గోడని ఒకడు వీపుతో ఆపుతుంటాడు, వాడి బూటు కింద నేల నెర్రెలిస్తుంటుంది. పళ్ళు కొరికిన మొహం ఎవడైనా వేస్తాడు. బరువు తెలిసేది మడమ దగ్గర. మా అయ్యతో అలివి వల లాగినవాణ్ణి, నాకిది ఒకరు చెప్పాలా? ఒడ్డున నిలబడి, మోకు పట్టుకుని, సముద్రంలోంచి అంత వలనీ ఈడ్చేటప్పుడు చేతులు ఊరికే పట్టుకునుంటాయి. లాగేదంతా ఇసకలో దిగిన మడమే.

శివరామకృష్ణ వాళ్ళ నాన్న తణుకు నుంచి స్టీల్ ప్లాంటు ఉద్యోగానికొచ్చాడు. వీడికి దువ్వాడలో డీటీపీ సెంటరుంది. కథలు రాస్తాడు. నా పడవ బొమ్మలు చూసి వాడే వెతుక్కుంటూ వచ్చి, ఇక్కడి అలవాటు పట్టి, బావా బావా అని కలిశాడు. ఇద్దరం కూర్చుని తెలుగులో మనకంటూ ఒక వీరుణ్ణి పుట్టించాం. పేరు మోకురాజు. పగలు హార్బర్లో ఓడలకి తాళ్ళు కట్టే కూలీ, ఆపదొస్తే వీరుడు. కథ వాడిది, బొమ్మలు నావి, అచ్చు ఖర్చు నాది. అందుకోసం నాకున్న స్థలం అమ్మేశాను. నా భార్య కాంతం ఆ రోజు అన్నం వడ్డించి పక్కింటికి వెళ్ళిపోయింది.

నేను ఒకటే అడిగాను. ఆఖరి దెబ్బలాటలో ఒక్క మాట కూడా ఉండకూడదు. సరే అన్నాడు.

ఆ దెబ్బలాట ఇది. ఇనప ఖనిజం గుట్టలోంచి ఒక రాక్షసుడు లేస్తాడు. మా పేట పడవలన్నిటినీ ఒకే మోకుకి గుచ్చి, వెనక్కి నడుస్తూ సముద్రంలోకి ఈడ్చుకుపోతుంటాడు. ఒడ్డున మోకురాజు రెండో కొస పట్టుకుంటాడు. గుద్దు లేదు, తన్ను లేదు. ఒక పేజీలో మడమ ఇసకలో దిగుతుంది. తర్వాతి పేజీలో పిక్కదాకా. ఆ తర్వాత మోకాలిదాకా. చివరి పేజీలో కాళ్ళు రెండూ ఇసక పైకొచ్చి, పాదాలు చదునుగా, తీరుబడిగా ఉంటాయి. అంటే మోకు వదిలేశాడు. రాక్షసుడు తన లాగుడికి తనే వెనక్కిపడి, ఓడల దారి లోతులో మునిగిపోతాడు. పడవలు కెరటాల మీద ఒడ్డుకొస్తాయి. ఆ పాదాలు వెయ్యడానికి ఒక వానాకాలమంతా పట్టింది నాకు.

అచ్చుకి ముందు శివరామకృష్ణ ఫోన్ చేశాడు, పేజీలు చూడ్డానికి రమ్మన్నాడు. చేశాడు, కాదనను. కానీ మా జాలర్లలో వల నీళ్ళల్లో ఉండగా ఎంత పడిందని అడగరు. దగ్గరికెళ్ళి తొంగిచూడరు. చూస్తే ఖాళీ వల వస్తుందనేవాడు మా అయ్య. ఒడ్డుకొచ్చాక చూస్తాలే అని పెట్టేశాను.

పుస్తకం అచ్చయి ఒడ్డుకొచ్చింది. ప్రతి పేజీలో తెల్ల బుడగలు, బుడగల నిండా మాటలు. పైన రాక్షసుడున్నాడు, మధ్యలో మోకుంది. కింద ఇసక వాడి కంటికి ఖాళీ జాగాలా కనబడింది. బుడగలన్నీ అక్కడ పెట్టాడు. మోకురాజు మోకాళ్ళ కింద ఏమీ లేదు.

దువ్వాడ వెళ్ళి పుస్తకం బల్ల మీద పెట్టాను. శివరామకృష్ణ అది తెరవలేదు. మాటల్లేకపోతే అచ్చు తప్పనుకుంటారు, రాక్షసుడు ఎందుకు పడ్డాడో ఎవరికీ తెలీదు అని మెల్లగా చెప్పుకొచ్చాడు.

"నేను పిలిచాను కదా బావా. నువ్వే రాలేదు."

"వల నీళ్ళల్లో ఉంటే ఎవులైనా ఎల్లి సూత్తారేటి?"

"ఇది వల కాదు, పుస్తకం."

ఎన్నేళ్ళు మా పేటలో టీ తాగినా ఆ మాట అనగలిగాడు.

పుస్తకాల ప్రదర్శనలో చిన్న బల్ల తీసుకున్నాం. దువ్వాడ కాలేజీ పిల్ల ఒకతె, నాగశ్రీ అని, ఆఖరి పేజీ మాట స్నేహితులకి పైకి చదివి వినిపించింది: "నీ బలం నీకే ఇచ్చేస్తున్నా, తీసుకో." అందరూ చప్పట్లు కొట్టారు. శివరామకృష్ణ నా వైపు చూడకుండా సంతకాలు పెట్టాడు. మాట బాగుంది. బాగోలేదంటే అబద్ధం. బాగుండబట్టే నా మడమల సంగతి ఎవరూ అడగలేదు.

మా అక్క పోతమ్మ చేపలమ్ముతుంది, చదువు లేదు. ఇంటికి తెచ్చిన పుస్తకం తడి చెయ్యి చీరకి తుడుచుకుని తిరగేసింది. బుడగలు దానికి తెల్ల మచ్చలే. ఆఖరి పేజీల దగ్గర చాలాసేపు ఆగింది.

"ఈడి కాళ్ళేవిరా వరహాలూ? మోకు దేంతో ఆపుతన్నాడు?"

పడవల రంగు డబ్బా తెచ్చుకుని, సన్న కుంచెతో ఆ కాపీలో బుడగల మీద తెలుపేశాను. ఆరాక కాళ్ళు గీశాను. అక్క మళ్ళీ చూసి, ఆఖరి పాదాల మీద వేలుపెట్టి, వదిలేసినాడు అంది. అంతే అంది, లేచి గంప ఎత్తుకుని పోయింది.

అప్పట్నుంచీ నా వాటా పుస్తకాలకి అదే పని చేస్తున్నాను. రంగు పూసిన పుస్తకం ఎవరూ కొనరు. చెడిపోయిందనుకుంటారు. కాంతం అవి మంచం కింద పేరుస్తోంది. శివరామకృష్ణ రెండో కథ రాశానని కబురు పెట్టాడు. నేను ఇంకా కాళ్ళ దగ్గరే ఉన్నాను.

మోకురాజుకి నిలబడ్డానికి ఇసక దొరికింది. నేను అమ్ముకున్నది పద్మనాభం రోడ్డు పక్క, తూర్పు ముఖం, రెండు సెంట్లు.