ఈసారి మీరు కూర్చోండి

"అమూల్యా, నువ్వు అమ్మ దగ్గర కూర్చో. నేనూ తన్మయీ వెళ్ళి వీడియో తీసుకొస్తాం," అన్నారు మా ఆయన శశికాంత్. లోపల ఫోటోలూ వీడియోలూ తీయరాదన్న బోర్డు ఆయన వెనకాలే ఉంది.

సింగపూర్ బుకిట్ బటోక్‌లోని మా ఫ్లాట్ నుంచి న్యూజిలాండ్ దాకా వచ్చింది చీకట్లో వెలిగే పురుగులుండే ఈ గుహ కోసమే. అందరి సెలవులూ కుదిర్చి, వీసాలకి తిరిగి, అత్తయ్యకి బయటి తిండి పడదని రైస్ కుక్కర్ మోసుకొచ్చింది నేను. బాలిలోనూ ఇంతే. వాళ్ళు సముద్రంలో తడిసొచ్చేదాకా చెప్పులకి కాపలా కాశాను. "నీకిలాంటివి పెద్ద ఇంట్రెస్ట్ లేదుగా," అన్నారాయన అప్పుడు. నన్ను అడిగిందెవరు? పదకొండేళ్ళుగా ఆ మాట విని విని, నిజమే కాబోలని నాక్కూడా అనిపించేది.

అత్తయ్య సీతమ్మగారు మోకాళ్ళ నొప్పులతో మెట్లు దిగలేరు. నా వైపు చూడకుండా కొంగు సర్దుకుంటున్నారు.

"ఈసారి మీరు కూర్చోండి," అన్నాను.

"జోకా?"

"కాదు."

"అమ్మకేదైనా అవసరమైతే?"

"మీరున్నారుగా."

మా అమ్మాయి తన్మయి నా చెయ్యి పట్టుకుని తన సింగపూర్ ఇంగ్లీషులో అంది, "కమ్ లా అమ్మా, బోట్ వెళ్ళిపోతుంది."

పడవలో మాట్లాడకూడదన్నారు. గైడమ్మాయి పైన కట్టిన తాడు పట్టుకుని పడవని లాగుతోంది. తలెత్తితే రాతికప్పు నిండా వేల నీలి చుక్కలు. ఆకలి ఎక్కువైన పురుగే ఎక్కువ వెలుగుతుందని ఆ అమ్మాయి ముందే చెప్పింది. ఎన్నాళ్ళకో నన్నెవరూ ఏమీ అడగలేదు. ఆ చీకట్లో కళ్ళు తుడుచుకోవాల్సిన పని కూడా లేకపోయింది. నాకు ఇష్టమే. ఇలాంటివి నాకు చాలా ఇష్టం.

బయటికొచ్చేసరికి ఆయన మొహం మాడ్చుకుని ఉన్నారు. అత్తయ్య చేతిలో ఐస్‌క్రీమ్.

"వాడే కొనిపెట్టాడు," అన్నారావిడ మెల్లగా.

సింగపూర్ తిరిగొచ్చాక ఆదివారం జురాంగ్ వెస్ట్ నుంచి ఆయన స్నేహితుడు బాబ్జీ, భార్య సరోజిని భోజనానికి వచ్చారు.

"మా అమూల్య అమ్మని ఒంటరిగా వదిలేసి గుహలోకి పోయింది బ్రో," అన్నారాయన నవ్వుతూ. బాబ్జీ కూడా నవ్వాడు.

నేను సాంబారు గిన్నె బల్ల మీద పెట్టాను.

"ఒంటరిగా వదల్లేదు బాబ్జీ గారూ. ఆవిడ కొడుకు దగ్గర వదిలాను."

కుర్చీ లాక్కుని, ముందు నా కంచంలో అన్నం వడ్డించుకున్నాను.