మందుల సంచికి మూడు గుండీలు

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. ఈ మాట నేననుకుంటే పర్వాలేదు కానీ ఇంకెవరైనా అంటే ఊరుకోను. మా ఆయన రోజుకోసారి అంటాడు, రోజుకోసారి గొడవవుతుంది. నాన్న మాత్రం అనడు. ఆ కోపం నాకెక్కడి నుంచి వచ్చిందో ఆయనకి బాగా తెలుసు మరి.

నాన్న యాభై ఏళ్ళు కోట్లు కుట్టాడు. మనిషి గుమ్మంలో నిలబడితే చాలు, టేపు పెట్టకుండానే భుజాల కొలత చెప్పేవాడు. అలాంటి మనిషికి రెండేళ్ళ కిందట చూపు పోవడం మొదలైంది. కొన్నాళ్ళు ఎవరికీ చెప్పకుండా నెట్టుకొచ్చాడు. ఒకరోజు ఒకాయన కోటుకి ఎడమ చెయ్యి కుడివైపు, కుడి చెయ్యి ఎడమవైపు అతికించేశాడు. వచ్చినాయన మంచివాడే, పోన్లెండి అని నవ్వేసి వెళ్ళిపోయాడు. తిట్టినా బాగుండేది. ఆ సాయంత్రం నాన్న కత్తెర తీసి గోడ మేకుకి తగిలించి, కొట్టు తాళాలు నా చేతిలో పెట్టాడు. ఆ తర్వాత సూది ముట్టుకోలేదు.

ఇప్పుడు ఆయనకి వెలుగూ నీడా తప్ప ఏమీ ఆనవు. ఇంట్లో అందరికంటే నెమ్మదస్తుడు అయిపోయాడు. అదే నాకు భయం.

ఇక మందుల గోల ఒకటి. పొద్దున టిఫిన్‌కి ముందు షుగరు మాత్ర, మధ్యాహ్నం బీపీది, పడుకునేముందు నిద్రది. మా ఆయన బస్సు డ్రైవరు, ఐదింటికే డ్యూటీకి పోతాడు. నేను ఏడింటికి కొట్టు తీయాలి. నాన్న లేచేది ఎనిమిదింటికి. అన్నీ ఒకే డబ్బాలో ఉండేవి. షుగరుదీ బీపీదీ ఒకే సైజు, తడిమితే తేడా తెలియదు. అందుకని నేను కొట్లోంచి ఫోన్ చేసి "వేసుకున్నావా? ఏది వేసుకున్నావు?" అని అరిచేదాన్ని. ఆయన "వేసుకున్నానమ్మా" అని మెల్లగా చెప్పేవాడు. ఫోన్ పెట్టేశాక నా మీద నాకే చిర్రెత్తుకొచ్చేది.

అందుకే ఆయన డెబ్బై అయిదో పుట్టినరోజుకి ఏదీ కొనలేదు. కోటు గుడ్డ ముక్కలతో ఒక సంచి కుట్టాను. బూడిద రంగు గుడ్డ, వరసగా మూడు జేబులు, ఒక్కో జేబుకి మూత, మూతకి కాజా, జేబు మీద గుండీ. మంచం పక్క మేకుకి తగిలించుకోవచ్చు. గుండీలే అసలు సంగతి. పొద్దుటి జేబుకి నా చిన్నప్పటి స్కూలు కోటు గుండీ పెట్టాను, పొద్దున్నే లేచి అందర్నీ అరిచి లేపేదాన్ని నేనే కాబట్టి. మధ్యాహ్నం జేబుకి మా ఆయన యూనిఫాం ఇత్తడి గుండీ, ఆయన భోజనానికి వచ్చే వేళ కదా అని. రాత్రి జేబుకి అమ్మ స్వెటర్ చెక్క గుండీ. అమ్మ పోయి నాలుగేళ్ళు. బతికున్నన్నాళ్ళూ ఇంట్లో అందరికంటే ఆఖర్న పడుకున్నది తనే.

ఇత్తడి గుండీ మా ఆయన్ని అడిగి తీసుకోలేదు. ఆయనకి రెండు యూనిఫాం చొక్కాలుంటే ఒకదాని రెండో గుండీ కత్తిరించేశాను. ఆ చొక్కా వేసుకోవాల్సినరోజు పిన్నీసు పెట్టుకుని పోయాడు పాపం, డిపోలో ఎవరో ఏదో అన్నారట. ఇంట్లో దొంగలు పడ్డారని సణుగుతూనే ఉన్నాడు. నేను నోరు విప్పలేదు.

ఆదివారం పొద్దున సంచి నాన్న ఒళ్ళో పెట్టాను. తడిమాడు. "ఇది నీ స్కూలు కోటుది. నువ్వు బెంచీల మీంచి దూకి రెండుసార్లు తెంపుకొచ్చావు" అన్నాడు. ఇత్తడి గుండీ పట్టుకుని "అల్లుడిది! దొంగవి నువ్వేనా?" అని నవ్వాడు. చెక్క గుండీ మీద వేలు పెట్టి చాలాసేపు తీయలేదు. తర్వాత "ఇక నా మందుల జోలికి ఎవరూ రావద్దు. ఫోన్లు కూడా చెయ్యొద్దు" అన్నాడు.

ఆ వారం నా పీక మీద నలభై కోట్లున్నాయి, ఒక హోటల్ సిబ్బందివి. అందుకని సంచి గోడకి తగిలించి, మాత్రలు నింపే పని మా ఆయనకి అప్పగించాను. ప్రతి ఆదివారం ఎడమ జేబులో షుగరుది, మధ్య జేబులో బీపీది, కుడి జేబులో నిద్రది పెట్టమన్నాను. జన్మలో మొదటిసారి ఆయన నేను చెప్పింది చెప్పినట్టు చేశాడు.

సోమవారం సాయంత్రం నేనొచ్చేసరికి నాన్న కుర్చీలోనే వాలిపోయి నిద్రపోతున్నాడు. ఒంట్లో బాగాలేదా అంటే "కొంచెం అలిసిపోయానమ్మా" అన్నాడు. రోజంతా కుర్చీలో కూర్చునే మనిషికి అలుపేమిటి అనుకున్నాను. మంగళవారం భోజనాల దగ్గర చేతిలోంచి గ్లాసు జారి కంచంలో పడింది. "చూసి పట్టుకో నాన్నా!" అని అరిచాను. అన్నాక నాలుక కరుచుకున్నాను. చూపు లేని మనిషిని చూసి పట్టుకోమన్న మహాతల్లిని నేనే.

బుధవారం పదకొండింటికి కొట్లో కోటు ముక్క తిరగేసి, లోపలివైపు సుద్దతో జేబుకి గుర్తు పెట్టాను. ముక్క మళ్ళీ పైవైపుకి తిప్పాను. ఎడమన పెట్టిన గుర్తు కుడికి వచ్చింది. రావాల్సిందే. పని నేర్చుకునే మొదటి వారమే నాన్న నాకు నూరిపోసిన సంగతి అది. లోపల ఎడమైతే బయట కుడి.

నా చెయ్యి అక్కడే ఆగిపోయింది.

సంచి మీద గుండీల గుర్తులు కూడా నేను లోపలివైపే పెట్టాను, బూడిద గుడ్డ మీద సుద్ద మరక కనబడుతుందని. ఎడమ చివర పొద్దున, కుడి చివర రాత్రి. ఆ గుర్తుల ప్రకారమే గుండీలు కుట్టాను, హడావిడిలో వరస మళ్ళీ చూసుకోలేదు. అంటే బయటి నుంచి చూస్తే ఎడమ జేబు మీద ఉన్నది అమ్మ గుండీ, కుడి జేబు మీద ఉన్నది నా గుండీ. మా ఆయన ఎడమ జేబులో పెట్టింది షుగరు మాత్ర. నాన్న అమ్మ గుండీ పట్టుకుని, పడుకునేముందు షుగరు మాత్ర వేసుకుంటున్నాడు. నా గుండీ పట్టుకుని, పొద్దున్నే నిద్రమాత్ర వేసుకుంటున్నాడు. మూడు రోజులుగా.

కొంప మునిగింది అనుకున్నాను. అలుపు, గ్లాసు జారడం, అన్నీ ఒక్కసారి గుర్తొచ్చాయి. ఇంటికి ఫోన్ చేశాను. మోగి మోగి ఆగిపోయింది. మళ్ళీ చేశాను. ఎత్తలేదు. మా ఆయన స్టీరింగ్ దగ్గరుంటే ఫోన్ ముట్టుకోడు. షట్టర్ సగం దించి, మెళ్ళో టేపుతోనే పరిగెత్తాను.

సందు చివర మెడికల్ షాపతన్ని ఆయాసపడుతూనే అడిగాను. అతను నా మొహం చూసి కంగారుపడ్డాడు. "షుగరు మాత్ర వేసుకుని ఏమీ తినకుండా పడుకుంటే షుగరు పడిపోవచ్చక్కా. నిద్రమాత్ర పొద్దున వేసుకుంటే తూలి పడొచ్చు. ముందు మీరు ఇంటికెళ్ళండి. మెలకువగా ఉంటే ఇది పెట్టండి, లేకపోతే వెంటనే అంబులెన్సుకి చెయ్యండి" అని గ్లూకోజు ప్యాకెట్ చేతిలో పెట్టాడు.

మూడంతస్తుల మెట్లు ఎలా ఎక్కానో నాకే తెలియదు. తాళం చెవి రంధ్రంలోకి పోదే! తలుపు తీశాను. కుర్చీ ఖాళీగా ఉంది. చేతికర్ర నేలమీద పడి ఉంది. నాన్న ఫోను దిండు కింద మూలుగుతోంది, పరుగులో నా ఫోన్ మళ్ళీ నొక్కేశాను కాబోలు. "నాన్నా!" అని అరిచాను. నా పై ప్రాణాలు పైనే పోయాయి.

"ఎందుకే ఆ అరుపులు? బాల్కనీలో ఉన్నాను" అన్నాడు నాన్న.

ఎండలో పీట వేసుకుని దర్జాగా కూర్చున్నాడు. ఒళ్ళో మా ఆయన యూనిఫాం చొక్కా. చేతిలో సూది.

నాకు ఏడుపూ కోపమూ ఒకేసారి వచ్చాయి. నా సంగతి తెలిసిందేగా, కోపమే ముందు బయటపడింది. "ఫోన్ ఎత్తవా? మనిషి చచ్చిపోవాలా? ఏ మాత్రలు వేసుకున్నావు? తల తిరుగుతోందా? నేనెవరు?"

"గయ్యాళివి. ఇంకెవరు?" అన్నాడు. "షుగరుది పొద్దున వేసుకున్నాను. నిద్రది రాత్రి వేసుకున్నాను. ఏం?"

నేను గదిలోకి పరిగెత్తి సంచి చూశాను. ఎడమ జేబు మీద నా స్కూలు కోటు గుండీ ఉంది. కుడి జేబు మీద అమ్మ గుండీ ఉంది. అన్నీ ఎక్కడ ఉండాలో అక్కడే ఉన్నాయి. అంటే నేను తప్పు చెయ్యలేదన్నమాట! మంచం మీద కూలబడ్డాను. గ్లూకోజు ప్యాకెట్ చింపి నోట్లో పోసుకున్నాను. ఎవరో ఒకరికి కావాలిగా.

నోటినిండా గ్లూకోజుతో గుండీని దగ్గరగా చూశాను. అది నా కుట్టు కాదు. నేను గుండీకి రెండు పోగులు వేసి ముడేసి వదిలేస్తాను, పని తెమలాలని. ఇక్కడ నాలుగు రంధ్రాల మీంచి దారం అడ్డంగా దాటి ఉంది. గుండీ కింద దారం ఏడు చుట్లు తిరిగి, చిన్న కాడలా నిలబడింది. అలా కుట్టే మనిషి నాకు తెలిసి ఈ లోకంలో ఒక్కడే. నాకా ఏడు చుట్ల గురించి చిన్నప్పట్నుంచి చీవాట్లు పెట్టిన మనిషి. గుండీ పక్కన గుడ్డ మీద ఎర్రటి చుక్క ఎండిపోయి ఉంది.

బాల్కనీలోకి వెళ్ళి ఆయన చెయ్యి తిప్పి చూశాను. వేళ్ళ కొసలన్నీ పొడుచుకుని ఉన్నాయి. గ్లాసు జారదూ మరి.

"ఆదివారం రాత్రి మీ అమ్మ జేబులో చెయ్యి పెట్టాను" అన్నాడు నాన్న. "నిద్రమాత్ర కందిగింజంత ఉంటుంది. చేతికి పెద్దది తగిలింది. అవతలి జేబు తడిమితే కందిగింజ అందులో ఉంది. లోపలివైపు గుర్తులు పెట్టి ఉంటుంది మా పిచ్చితల్లి అనుకున్నాను. సోమవారం మీరు పోయాక రెండు గుండీలూ విప్పి మార్చేశాను."

"మాత్రలు అటువి ఇటు పెట్టుకుంటే పోయేది కదా!"

"వచ్చే ఆదివారం అల్లుడు మళ్ళీ ఎడమకే పెడతాడుగా?"

అదీ నిజమే. "నాతో చెప్పొచ్చుగా నాన్నా. ఒక్క నిమిషంలో కుట్టి ఇద్దును."

చొక్కా గుండీ కింద దారం చుట్టడం పూర్తి చేసి, పళ్ళతో తెంపాడు. "చెప్తే నువ్వు కుట్టేస్తావు. ఇంక నాకేం మిగుల్తుంది?" అన్నాడు.

ఆయనే మళ్ళీ అన్నాడు, "సోమవారమంతా దానికే సరిపోయింది. సూదిలో దారం ఎక్కించడానికి రెండు గంటలు. కుట్టడానికి పావుగంట." నవ్వాడు. "ఒకటి చెప్పనా? కళ్ళు బాగున్నదానివి, నువ్వే ఎడమా కుడీ తారుమారు చేశావు. అయితే ఆ రోజు కోటు చేతుల విషయంలో నాది మరీ అంత ఘోరం కాదన్నమాట."

"కాదు నాన్నా, అస్సలు కాదు" అని ఆయన భుజం మీద తల పెట్టుకుని ఏడ్చేశాను. సంతోషంతోనే. నా తప్పుకి అంత సంతోషపడటం ఎప్పుడూ లేదు.

మధ్యాహ్నం మా ఆయన భోజనానికి వచ్చి, చొక్కా మీద కొత్త గుండీ చూసి "దొంగ దొరికాడా మామయ్యగారూ?" అన్నాడు. నాన్న నా వైపు వేలు చూపించాడు. మాటలు పడాల్సిన రోజు పడాలి.

సాయంత్రం కొట్లో మిగిలిన గుడ్డతో, సూదులు గుచ్చి ఉంచడానికి పిడికెడు దిండు ఒకటి కుట్టాను. గుర్తులు ఈసారి పైవైపే పెట్టాను. గురువారం పొద్దున ఇంట్లోంచి బయల్దేరే ముందు పది సూదుల్లో దారం ఎక్కించి, ఆ దిండుకి గుచ్చి, నాన్న కుర్చీ పక్కన పెట్టాను. దాని పక్కనే గుండీలు లేని హోటల్ కోట్లు రెండు, డబ్బాలో గుండీలు.

ఇంటికొచ్చేసరికి దిండు మీద సూదులు పదీ బోడిగా ఉన్నాయి. రెండు కోట్లూ మడతపెట్టి ఉన్నాయి. గుండీ గుండీకీ ఏడు చుట్లు. నాన్న కుర్చీలో నిటారుగా కూర్చుని నాకోసమే కాచుకుని ఉన్నాడు.

"దారం అంత పొడుగు ఎక్కిస్తారా ఎవరైనా? చిక్కులు పడి చచ్చాను. మూరెడు చాలని నీకెన్నిసార్లు చెప్పాలి? బుద్ధి ఎక్కడ పెట్టుకున్నావు?"

రెండేళ్ళయింది ఆయన నన్ను అలా తిట్టి. హమ్మయ్య అనుకున్నాను.

"రేపు కురచగా ఎక్కిస్తాలే నాన్నా" అన్నాను.

"రేపటికి పది చాలవు" అన్నాడు. "ఇరవై పెట్టు."