పోలిక బావి

ఆ ఉదయం ఆకాశం నిండా మబ్బు కమ్మింది గాని చుక్క రాలలేదు. ఆ వైశాఖంలో అంతకుముందు రెండుసార్లు అట్లాగే కమ్మి గాలికి తూర్పుకు కొట్టుకుపోయింది. ఆ మసక వెలుతురులో ఊరి బయటి గేరి ఆడవాళ్లంతా దిగుడుబావి చుట్టూ నిలబడి ఉన్నారు. కడవలు నేలమీద ఉన్నాయి. పసిపిల్లలు నీళ్లకు ఏడుస్తున్నారు. ఒక్క మనిషీ మెట్టు దిగడం లేదు.

బావి ఒడ్డున పాతిన నాపరాయి మీద తారుతో రాసిన అక్షరాలు ఇంకా ఆరలేదు. 'ఈ బావిని ముట్టరాదు. ఉత్తరువు.' రాసినవాణ్ణి నేనే. ముందురోజు సాయంత్రం రాశాను.

నేను నీళ్ల సీసాలు పట్టుకొని రావడం చూసి ముసలి వరమ్మ ఎదురొచ్చింది.

"యేమప్పా లేవీ, నువ్వేనంట గదా రాసింది? మా ఏసేపు కూడబలుక్కోని సదివినాడు. ఊరబాయి ముట్టగూడదంటిరి, సరే అంటిమి. రెడ్డి తోటబాయి ముట్టగూడదంటిరి, అదీ సరే అంటిమి. ఇప్పుడు మా బాయి గూడా మేం ముట్టగూడదా? ఇంక యాడ తాగల్ల మేము?"

"కాదవ్వా. మీరు ముంచుకోవచ్చు. ఇందులో మందు పోయగూడదని దాని అర్థం."

"ఏం మందు?"

అప్పుడు తెలిసింది నేనేం రాశానో. నాకు పని ఇచ్చిన డాక్టరుగారు బావిలో ఏమీ చేయొద్దని ఇంగ్లీషులో చెప్పిన మాటకు నాకు తోచిన తెలుగు అదే. ఆ మాట పుట్టినప్పటినుంచీ విన్నవాళ్ల ఎదుట, వాళ్ల బావి మీదే, వాళ్లలో పుట్టిన నేను రాశాను.

ఇది పందొమ్మిదివందల ముప్పైతొమ్మిది నాటి మాట. ఊరిపేరు చెప్పను. కోయిలకుంట్ల చుట్టూ నాపరాతి గనుల నడుమ అటువంటి ఊళ్లు చాలా ఉన్నాయి. గేరిలో అరవై గడపలు, బోదగడ్డి కప్పిన ఒక ప్రార్థనశాల. అందరిదీ గని పనే. గని మహానంది రెడ్డిది. ఊరూ ఆయనదే అనుకోవచ్చు.

నారికురుపు మీద పరిశోధనకని మద్రాసు నుంచి ఒక డాక్టరు వచ్చి, రెడ్డి మేడ పక్కన డేరాలు వేశాడు. అందులో ఒకటి ప్రయోగశాల. నేను దానిలో సహాయకుణ్ణి. మైదుకూరు వైపు మిషన్ బడిలో ఎనిమిది చదివాను. తెల్లవారకముందే లేచి, పలచటి గుడ్డవలతో మూడు బావుల నీళ్లు వడగట్టి, సీసాల్లో పోసి, చీటీలు అంటించి, మైక్రోస్కోపు కింద నీటిపేలను లెక్కపెట్టడం నా పని. నీటిపేను అని పేరు పెట్టింది వరమ్మే. ఒకసారి అద్దంలో చూపిస్తే కన్ను ఆనించి చూసి, "ఇది ఏ దొర తలలోనుంచి రాలిందప్పా?" అంది.

జబ్బు సంగతి నాలుగు ముక్కల్లో చెప్తాను. చదువుకునే పిల్లలూ, పనిచేసే అన్నలూ తెలుసుకోదగ్గది. నారి లేచిన మనిషి దిగుడుబావిలో కాలు పెడితే పుండులోని పురుగు నీళ్లలోకి పిల్లల్ని వదులుతుంది. వాటిని నీటిపేను మింగుతుంది. ఆ నీళ్లు తాగిన మనిషికి ఏడాది తిరిగేసరికి గజం పొడుగు పురుగు కాల్లోంచి దిగుతుంది. కాలు నీళ్లను తాకకుంటే జబ్బు లేదు. మెట్లు మూసి, గిలక వేసి, పైనుంచి చేదుకుంటే చాలు.

ఊరబావికి మెట్లు మూసి గిలక వేశారు. తోటబావిలో మందు పోశారు. గేరి బావిని ఏమీ చేయకుండా వదిలారు. ఆ రెండింటి వల్ల జబ్బు ఎంత తగ్గిందో తెలియాలంటే ఏమీ చేయని బావి ఒకటి ఉండాలట. రిజిస్టరులో దాన్ని 'పోలిక బావి' అని రాసుకున్నాను. దస్తూరి బాగుందని డాక్టరుగారు మెచ్చుకున్నాడు. నేను సంతోషపడ్డాను.

మా అక్క రత్నమణిని ఇచ్చింది ఆ గేరికే. ఏసేపు మా బావ. అప్పటికి నెలన్నరగా అక్క గనికి పోవడం లేదు. కుడి చీలమండ దగ్గర నారి దిగింది. దాన్ని చీపురుపుల్లకు చుట్టి రోజుకు అంగుళం లాగుతుంది. తెగితే కాలు కుళ్లుతుంది.

బావి దగ్గర నేను అంతా చెప్పేశాను. అక్క కుంటుకుంటూ ముందుకొచ్చింది.

"అంటే వచ్చే ఏటికి మాలో ఎంతమందికి లేస్తాదో సూసేదానికి ఇట్ల ఇడిసిపెట్టినారా?"

"అవునక్కా."

"నీకు ముందే తెలుసా?"

"తెలుసు."

ఆమె చంకలోని ఖాళీ కడవను నా కాళ్లముందు బోర్లించి వెళ్లిపోయింది.

ఆ రోజు ఆదివారం. ప్రార్థన అయినాక ఎవరూ లేవలేదు. గేరి పెద్ద బొజ్జన్న మొదలుపెట్టాడు.

"డాక్టరు సదువుకున్నోడు. పోయి కాళ్లమీద పడదాం. మందు పోస్తాడు."

"నీ కాళ్లల్లోనే రెండు నార్లు దిగినాయి బొజ్జన్నా," అంది వరమ్మ. "వంగి ఇంగొకని కాళ్లు పట్టుకుంటే మళ్ల లేస్తావా? నిన్ను మోసుకొచ్చేదానికి నలుగురు గావల్ల."

నవ్వారు. ఏసేపు నవ్వలేదు. "ఊరబాయికే పోదాం. ఆడ గిలకుండాది, తాడుండాది. సేదుకుందాం."

"తలకాయలు పగుల్తాయి," అన్నాడు బొజ్జన్న.

"పగలనీ!"

"పగిలినంక నీళ్లు నువ్వు తెచ్చిపోస్తావా మా మొగాలకు?" అని వెనకనుంచి ఎవరో ఆడమనిషి కసిరింది.

మాటలు పెరిగాయి. ఎవరి పుండు వాళ్లు చూపించి అరిచారు. నేను లేచాను. నన్ను కూర్చోమన్నారు. అయినా చెప్పాను. "మందు వద్దు. ఊరబావీ వద్దు. మన బావికి మెట్లు మూస్తే చాలు."

"దేనితో మూస్తావు, నీ సీసాలతోనా?" అన్నాడు ఏసేపు.

పుట్టింది మొదలు రాయి కొట్టినవాళ్లు ఒకరి మొగం ఒకరు చూసుకున్నారు. గని పక్కన పనికిరాదని పారేసిన చెత్తరాయి గుట్టలుగా ఉంది. ఆ గుట్టలు పోసింది వాళ్లే.

"అడిగి చేద్దాం," అన్నాడు బొజ్జన్న. "అడగలేదనే మాట మనకొద్దు."

పదిమంది డేరాకు పోయి, మా బావికి మెట్లు మూసుకుంటామని అడిగాం. డాక్టరుగారు మైక్రోస్కోపు అద్దం తుడుచుకుంటూ విన్నాడు. కోపపడలేదు. కోపపడి ఉంటే బాగుండేది.

"పోలిక లేకపోతే శాస్త్రం లేదు. ఒక్క సంవత్సరం ఓర్చుకోండి. మీ మూలంగా లక్షమందికి మేలు జరుగుతుంది."

"శానా పుణ్యం సామీ," అంది వరమ్మ. "అంత పుణ్యం మేమెందుకు కట్టుకోవల్ల? మీ పిల్లోళ్లకు మా బాయి నీళ్లు తాపండి, మా పిల్లోళ్లకు మందు బాయి నీళ్లు తాపండి. వచ్చే ఏటికి పోల్చుకుందాం."

డాక్టరుగారి చేతిలో అద్దం ఆగింది. డేరాలో ఆయన పక్క కుర్చీలో కూర్చున్న మహానంది రెడ్డి నవ్వాడు.

"మీ తాతలు తాగినారు, మీరు తాగల్ల. మీ నీళ్లల్లో పురుగుండేది ఈ పొద్దు తెలిసిందా మీకు? రేప్పొద్దున గనిలో కనపడనోనికి మళ్ల గనిలో పని లేదు. మెట్టుమీద రాయి పడిందో, జైలే."

సోమవారం గేరి మొత్తం గనికే పోయింది. పలుగు మాత్రం ఎవరూ పట్టలేదు. చెత్తరాతి గుట్ట నుంచి బావి దాకా వరుస కట్టారు. తలమీంచి తలమీదికి రాయి కదిలింది. నారి దిగినవాళ్లను నీళ్ల దగ్గరికి రానివ్వలేదు. వాళ్లు ఒడ్డున కూర్చొని సుత్తితో అంచులు సరిచేసి ఇచ్చారు. మా అక్క అక్కడే కూర్చుంది. నావైపు చూడకుండానే ఒక రాయి నా చేతుల్లో పెట్టింది. మొదటి వరుసలో ఏసేపు నేను రాసిన ఉత్తరువు రాయి పీకి, అక్షరాలు కిందికి వేసి పరిచాడు.

పొద్దు నడినెత్తికి వచ్చేసరికి మెట్లకు అడ్డంగా గోడ లేచింది. తుమ్మదూలం వేసి గిలక కట్టారు.

డాక్టరుగారు గొడుగు వేసుకొని వచ్చి చూశాడు.

"లేవీ, నా ప్రయోగం నాశనం చేశావు."

"అవునండి. లోపల పాత నీటిపేలు ఇంకా ఉన్నాయి. నలభై రోజులు నీళ్లు రెండు మడతల గుడ్డలో వడగట్టమని వీళ్లకు మీరు చెప్తారా, నన్ను చెప్పమంటారా?"

ఆయన గొడుగు తిప్పుకొని డేరావైపు నడిచాడు. నేనే చెప్పాను.

తర్వాత రెడ్డి వచ్చాడు. వెంట పోలీసు హెడ్డు, నలుగురు కానిస్టేబుళ్లు, ఊరి జీతగాళ్లు ఎనిమిదిమంది.

"ఈ రాయి నాది. దొంగరాయి. పీకండ్రా!"

జీతగాళ్లు కదలలేదు. వాళ్లలో పెద్దవాడు తిమ్మయ్య. ఎడమకాలికి గుడ్డ చుట్టుకొని కర్రమీద వాలి నిలబడ్డాడు.

"గేరి బాయి గదా రెడ్డీ. మేమెట్ల ముట్టేది?"

"నేను చెప్తాండా, ముట్టు!"

"ముట్టినంక మా ఇండ్లల్లోకి రానిస్తారా? మీ కొట్టంలోకి రానిస్తారా? ముట్టగూడదని చెప్పింది మీరే గదా."

రెడ్డి హెడ్డు వైపు చూశాడు. హెడ్డు తలపాగా సర్దుకున్నాడు. "మాకు మనుషుల్ని పట్టుకోమనే ఉత్తరువు రెడ్డిగారూ. గోడల సంగతి లేదు."

"అయితే మీరే పీకండి రెడ్డీ," అంది వరమ్మ. "రాండి. పీకినంక మేమే నీళ్లు సేదిపోస్తాం, చేతులు కడుక్కుందురు."

గేరి అంతా గొల్లున నవ్వింది. రెడ్డి రెండడుగులు వేశాడు. చెయ్యి చాచాడు. రాయికి జానెడు దూరంలో ఆ చెయ్యి ఆగిపోయింది. నూటిరవై మంది చూస్తుండగా దాన్ని వెనక్కి తీసుకొని, జీతగాళ్లను తిట్టుకుంటూ వెళ్లిపోయాడు.

తిమ్మయ్య ఆచారానికి జంకి ఆ మాట అన్నాడో, ఆ గోడ నిలవాలని అన్నాడో అప్పుడు నాకు తెలియలేదు. తలవంచుకొని వాళ్ల వెంటే పోయాడు.

మమ్మల్ని ముగ్గురిని పట్టుకున్నారు. రాతి దొంగతనానికి బొజ్జన్ననూ ఏసేపునూ, సర్కారు పనికి అడ్డం వచ్చినందుకు నన్నూ. మేం లాకప్పులో ఉన్న పదకొండు రోజుల్లో చుట్టుపక్కల ఐదు గేరుల్లో మెట్లు మూశారు. రెండు గేరుల్లో లాఠీలు విరిగాయి. ఒకచోట ఒక మనిషి చనిపోయాడు. అతని పేరు మారెన్న. అతని గోడ కూడా నిలబడే ఉంది. రెడ్డి గనిలో మూడు నెలలు పలుగు లేవలేదు. అదంతా వేరే చెప్పాలి.

ఆ సోమవారం మధ్యాహ్నం మా చేతులకు తాడు కడుతుంటే వరమ్మ అడ్డం వచ్చింది.

"తెల్లారిందిలగాయతు గంజి గూడా ముట్టలేదు వీళ్లు. తిని వస్తారు. ఏడు మైళ్లు నడవల్ల గదా. నువ్వూ నీడకు కూర్చో నాయనా."

హెడ్డు ఎండవైపు చూసి తాడు వదిలాడు.

గోడ పక్కన చెట్ల నీడన గేరి మొత్తం బారుగా కూర్చుంది. జొన్నసంగటి, చింతాకు పప్పు. కొత్త గిలక నుంచి చేదిన నీళ్లు రెండు మడతల గుడ్డలో వడగట్టి పోశారు. మా అక్క ముద్ద తెచ్చి నా ఆకులో పెట్టి, నా పక్కనే కూర్చుంది.

అప్పుడు ఊరివైపు నుంచి కర్ర చప్పుడు వినిపించింది. తిమ్మయ్య ఒక్కడే వస్తున్నాడు. పట్టపగలు, ఊరు చూస్తుండగా, బారు చివరికి వచ్చి, కర్ర పక్కన పెట్టి, కాలు చాపుకొని కూర్చున్నాడు. వరమ్మ అతని మొగంలోకి ఒకసారి చూసి, ఆకు వేసి, ముద్ద పెట్టింది.

అతను ముద్ద విరిచి పప్పులో అద్దుకున్నాడు. అందరం తిన్నాం.