ఎలుగు పుర్రె బొమ్మ

హడ్సన్ అఖాతం ఒడ్డున ఒకప్పుడు తోళ్ళ వ్యాపారం సాగిన కొట్టు ఇప్పుడు మ్యూజియం కాబోతోంది. నగరం నుంచి వచ్చిన పాత క్రైస్తవ మిషన్ పత్రికలను సర్దే పని హ్యారియట్‌కు అప్పగించారు. బీవర్ తోళ్ళు పరిచిన పాత బల్ల మీదే ఆమె కట్ట విప్పింది. మూడో పత్రిక తెరవగానే ఆ బొమ్మ కనిపించింది.

బొమ్మలో పాదిరీ చేతిలో ఎలుగు పుర్రె. పక్కనే వీపు తిప్పి నిలబడ్డ చిన్నపిల్ల.

వేటాడిన ఎలుగు పుర్రెను చెట్టుకు కట్టడం హ్యారియట్ పుట్టిన క్రీ తెగ మర్యాద. దాన్ని కుక్కలు ముడితే ఎలుగులకు కోపం వస్తుంది, మళ్ళీ వేటగాడి కంటపడవు. ఆమె తాత కట్టిన పుర్రెలను యాభై ఎనిమిదేళ్ళ కిందట పాదిరీ కోసుకుపోయాడు. ఆ ఏడు ఒక్క ఎలుగూ దొరకలేదు. చోటు చూపింది పాదిరీకి కట్టెలు కొట్టే జోబే అన్నారంతా. జోబు హ్యారియట్ పెదనాన్న కొడుకు. తాత చచ్చేదాకా అతన్ని వేటకు తీసుకెళ్ళలేదు, ఎలుగు విందులో ముక్క పెట్టలేదు.

నిజానికి చూపింది ఆరేళ్ళ హ్యారియట్. పిడికెడు ఎండుద్రాక్ష కోసం! పసిదాని తప్పును ఎవరైనా క్షమిస్తారు. ఇన్నేళ్ళూ నోరు విప్పకపోవడానికి మాత్రం ఏ సాకూ లేదని ఆమెకు తెలుసు.

పేజీ చింపి శాలువాలో దాచుకోబోయింది. తలుపు కిర్రుమంది. వచ్చింది జోబే.

"ఏం చెల్లీ, అలా అదిరిపడ్డావ్? ఎండుచేపలేమైనా ఎత్తుకుపోతున్నావా?"

అతనికి చదువు రాదు. బొమ్మ చూడగానే మాత్రం నవ్వు ఆగిపోయింది.

"ఇది తాత కట్టిన పుర్రే. కింద ఏం రాశాడు? చోటు చూపిందెవరో రాశాడా?"

ఏ పేరు చెప్పినా నమ్మేస్తాడు. చచ్చినవాళ్ళలో ఎవరి నెత్తిన రుద్దినా కాదనేవాడు లేడు. ఆ ఆలోచన వచ్చినందుకు హ్యారియట్‌కు తన మీద తనకే అసహ్యం వేసింది.

"'మాకు దారి చూపిన బుద్ధిమంతురాలు, చిన్నారి హ్యారియట్'," అని చదివింది. "నేనే అన్నయ్యా. అందరూ నిన్ను ఆడిపోసుకుంటుంటే నోరు మూసుకుని కూర్చున్నా."

జోబు కిటికీలోంచి నది ఒడ్డు సమాధుల వైపు చూశాడు. తర్వాత టోపీ పెట్టుకున్నాడు.

"ఆ పుస్తకం పట్టుకుని రా."

"ఎక్కడికన్నయ్యా?"

"తాత దగ్గరికి. అక్కడ చదువు. గట్టిగా చదవాలి, ఆయనకి చెముడు."